బాలిలో ఊరుమ్మడి ఙాబెన్ చూడాలంటే ఏ రోజు వెళ్ళాలి, ఎక్కడ నిలబడాలి?

దారిబత్తెం:

ఆగస్టులో బాలి వెళ్తున్నాం, మకాం ఉబుద్‌లో. మాతో మా అమ్మ కూడా వస్తోంది, వయసు అరవై దాటింది, ఎక్కువసేపు నిలబడలేదు. ఆ నెలలో అక్కడి ఊళ్ళలో సామూహికంగా ఙాబెన్లు, అంటే దహన సంస్కారాలు జరుగుతాయని చదివాం. యూట్యూబ్‌లో దొరికేవన్నీ ఐదు నిమిషాల వీడియోలు: ఎద్దు బొమ్మ, పరుగు, మంట, అయిపోయింది. అసలు తంతు ఎన్ని గంటలు, ఏ ఘట్టం తర్వాత ఏది అన్నది ఎవరూ చెప్పడం లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్తారా?

తేదీలు ముందే ఎక్కడైనా దొరుకుతాయా? టికెట్ లాంటిది ఉంటుందా? కెమెరా తీసుకెళ్ళొచ్చా? ఆడవాళ్ళు శ్మశానం లోపలికి వెళ్ళొచ్చా? మనమూ హిందువులమే కాబట్టి దగ్గరికి రానిస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, పిలవని పేరంటానికి పోయినట్టు ఉంటుందేమో అన్నది నా సందేహం.

కొబ్బరాకు:

ఒక్క సంగతి ముందే తేల్చుకుంటే మిగతాది సులువు. రాజకుటుంబాలు చేసే పెలెబోన్ వేరు, ఊరివాళ్ళు కలిసి చేసుకునే ఙాబెన్ మస్సాల్ వేరు. తంతు చాలావరకు ఒకటే. ఒక్క కుటుంబం విడిగా చేయాలంటే ఖర్చు కోట్ల రుపియాలకు పోతుంది. అందుకని చాలా ఊళ్ళలో పోయినవాళ్ళని ముందు సెత్రాలో, అంటే ఊరి శ్మశానంలో, పూడ్చిపెట్టి మూడేళ్ళకో ఐదేళ్ళకో అందరికీ ఒకే ముహూర్తాన దహనం చేస్తారు. ఒక్కో ఊళ్ళో ఇరవై ముప్ఫై మంది ఉంటారు, పెద్ద ఊరైతే వంద దాటుతుంది. ఉబుద్ మంకీ ఫారెస్ట్‌కి ఎలాగూ వెళ్తారు కదా, లోపల ప్రజాపతి గుడి పక్కన చిన్న శ్మశానం ఉంటుంది, చూడండి. అది పడంగ్‌తెగల్ ఊరిది. అక్కడ పూడ్చినవాళ్ళకి ఐదేళ్ళకోసారి సామూహిక దహనం జరుగుతుంది.

తేదీ నిర్ణయించేది ఊరి పూజారులు, పంచాంగం చూసి. బాలి పంచాంగంలో 210 రోజుల పావుకోన్ చక్రం ఒకటుంది, దాని ప్రకారం కొన్ని రోజులు శవకార్యాలకు పనికిరావు. కాలా గోతోంగన్, సెముత్ సదులుర్ అనేవి అలాంటివే. గలుంగన్ నుంచి కునింగన్ దాకా ఉండే పండగ రోజుల్లో చేయరు. ఊరి గుడిలో పెద్ద ఉత్సవం ఉంటే అది అయ్యేదాకా ఆగుతారు. ఇవన్నీ పోగా వానలు లేని జూలై, ఆగస్టు, సెప్టెంబర్లలోనే ఎక్కువ పడతాయి. అంటే మీరు వెళ్ళే కాలం మంచిదే.

తేదీలన్నీ ఒకచోట దొరికే జాబితా కోసం వెతక్కండి, టైం వృథా. ఊరి పొలిమేరలో పెద్ద బ్యానర్ కడతారు. దాని మీద 'కార్య పిత్ర యద్న్య' అనో, 'ఙాబెన్ మస్సాల్' అనో, 'అతివ-తివ' అనో రాసి, కింద ఊరి పేరూ తేదీలూ ఉంటాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బ్యానర్ మీద ఒక తేదీ కాదు, నాలుగైదు ఉంటాయి. ఎముకలు తీసే రోజు, ఆత్మను పిలిచే రోజు, దహనం రోజు, పన్నెండో నాటి కర్మ, అన్నీ వరసగా వేస్తారు. మొదటి తేదీ చూసి పరిగెడితే శ్మశానంలో పలుగులూ పారలూ కనిపిస్తాయి తప్ప శవపేటికగా చేసే ఎద్దు బొమ్మా ఉండదు, మంటా ఉండదు. 'పెంగాబెనన్' అన్న మాట పక్కనున్న తేదీ మీకు కావాల్సింది. బ్యానర్ ఫొటో తీసి మీరు దిగిన చోట ఎవరికైనా చూపిస్తే అర నిమిషంలో చెప్పేస్తారు. ఉబుద్ మెయిన్ రోడ్డు మీది పర్యాటక సమాచార కేంద్రంలో అడిగినా చుట్టుపక్కల ఊళ్ళ సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు వరస చెప్తాను. ఊరినిబట్టి కొంత మారుతుంది.

దహనానికి కొన్ని వారాల ముందు నుంచే బన్జార్, అంటే ఊరి వాడ సంఘం, మండపంలో పని మొదలవుతుంది. మగవాళ్ళు వెదురు చీలుస్తుంటారు, ఆడవాళ్ళు కొబ్బరి మట్టల లేత ఆకులతో నైవేద్యపు అల్లికలు అల్లుతుంటారు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ మనిషి రావాల్సిందే, రాకపోతే జరిమానా. చనిపోయిన ఒక్కొక్కరికీ వెదురుతో చిన్న గది లాంటిది కట్టి, ముందు ఫొటో, పేరు, నంబరు పెడతారు. ఈ గదుల వరసని తాపీగా చూడాలంటే దహనానికి ముందు రోజు సాయంత్రం వెళ్ళండి. జనం తక్కువ, వెలుతురు బాగుంటుంది, మాట్లాడటానికి వాళ్ళకీ తీరిక ఉంటుంది. మీ అమ్మగారికి అసలు ఇదే సరైన సమయం.

దహనానికి కొన్ని రోజుల ముందు గోతులు తవ్వి ఎముకలు తీసి, కడిగి, తెల్లగుడ్డలో చుడతారు. దీన్ని ఙాగాహ్ అంటారు. కొన్ని ఊళ్ళలో దహనం రోజే తెల్లవారుజామున తీస్తారు. కొన్ని ఊళ్ళలో అసలు తవ్వరు, గోరీ దగ్గర ఆత్మను పిలిచి, మట్టితోనో గంధపు చెక్క మీద గీసిన బొమ్మతోనో సరిపెడతారు. సముద్రంలో పోయి శరీరం దొరకని వాళ్ళకీ ఈ పద్ధతే. ఙాగాహ్ అనేది కుటుంబాల సొంత వ్యవహారం. ఊరివాళ్ళు వెంటబెట్టుకుని తీసుకెళ్తే తప్ప మీరుగా పోయి నిలబడే చోటు కాదు.

దహనం రోజు ఉదయమంతా పూజలే. పెదండా, అంటే బ్రాహ్మణ పూజారి, మంత్రాలు చదువుతూ గంట మోగిస్తూ తీర్థం తయారుచేస్తాడు. ఊరేగింపు పదకొండూ ఒంటిగంటా మధ్య ఎప్పుడైనా బయల్దేరొచ్చు. దూరాన్నిబట్టి అరగంట నుంచి గంట. సెత్రాలో సర్దుబాట్లకి మరో గంటన్నర. నిప్పు పెట్టేది సుమారు రెండు, మూడు మధ్య. బూడిద పోగుచేసి సముద్రానికి బయల్దేరేసరికి చీకటి పడుతుంది.

పిలవని పేరంటం అన్నారు కాబట్టి చెప్తున్నా: ఊరేగింపు పబ్లిక్ రోడ్డు మీద జరుగుతుంది, ఎవరైనా చూడొచ్చు, ఎవరూ ముఖం మాడ్చుకోరు. ఏడుపులు పెద్దగా వినబడవు. కన్నీళ్ళు ఆత్మ ప్రయాణానికి అడ్డమని వాళ్ళ నమ్మకం. పిల్లలు ఐస్‌క్రీం తింటుంటారు, పక్కనే బెలూన్లు అమ్ముతుంటారు. దాన్ని చూసి ఇదేదో జాతర అనుకుని రెచ్చిపోయేవాళ్ళతోనే ఇబ్బంది. ఫొటో పట్టుకుని నడిచే కొడుక్కి అది జాతర కాదు.

సైడ్‌స్టాండ్:

తేదీల గురించి పైన చెప్పింది కరెక్ట్. నేను రోడ్డు సంగతులు చెప్తా, ఎందుకంటే వెళ్ళినవాళ్ళలో సగం మంది చెడగొట్టుకునేది అక్కడే.

కార్లో ఊరి దాకా పోదామనుకోకండి. పొద్దున పదికల్లా పెచాలాంగ్‌లు, అంటే నలుపు తెలుపు గళ్ళ గుడ్డ కట్టుకున్న ఊరి కాపలావాళ్ళు, దారులు మూసేస్తారు. వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టాక వాదించి లాభం లేదు. తొమ్మిదిన్నర లోపు చేరి, బండిని ఊరికి కిలోమీటరు ఇవతలే, తిరుగుదారి వైపు ముఖం పెట్టి ఆపండి. డ్రైవర్‌తో 'నాలుగింటికి ఫలానా చోట' అని ముందే ఖాయం చేసుకోండి. జనంలో సిగ్నల్ సరిగ్గా ఉండదు.

డబ్బు కాగితాల రూపంలో ఉంచుకోండి. బాడె, అంటే శవాన్ని మోసే గోపురం, ఎత్తుగా ఉంటే కరెంటు తీగలకి తగులుతుంది. అందుకని ఆ దారి పొడవునా సరఫరా ఆపేస్తారు, ఒక్కోచోట తీగలే దించేస్తారు. ఆ రెండు మూడు గంటలూ ఏటీఎం పనిచేయదు, దుకాణంలో క్యూఆర్ కోడ్ పనిచేయదు, ఫ్యాన్ తిరగదు.

టికెట్ లేదు. ఎవడైనా 'సెర్మనీ టికెట్' అంటే పక్కకు తప్పుకోండి. విదేశీయులు బాలిలో అడుగుపెట్టేటప్పుడు కట్టే లక్షా యాభై వేల రుపియాల లెవీ 2024 ఫిబ్రవరి నుంచి ఉంది. దాన్ని సాకుగా చూపించి ఇక్కడ మళ్ళీ వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు. 'దానా పునియా' అని రాసిన విరాళాల పెట్టె ఉంటే అందులో వేయండి, యాభై వేలో లక్షో రుపియాలు వేస్తే మర్యాదగా ఉంటుంది. ఏదైనా కుటుంబం పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇస్తే ఆ డబ్బు కవర్లో పెట్టి ఆ ఇంటి పెద్దకే కుడిచేత్తో ఇవ్వండి. కాఫీ వద్దనకండి, రెండు గుక్కలైనా తాగండి.

ఎక్కడ నిలబడాలి: కూడలిలో మాత్రం వద్దు. ఫొటో బాగా వస్తుందని అందరూ అక్కడికే చేరతారు. కానీ బాడెనీ ఎద్దునీ కూడలిలోనే మూడుసార్లు గిరగిరా తిప్పుతారు. ఆత్మ ఇంటి దారి మర్చిపోవాలని తిప్పుతారట. మోసేవాళ్ళు పదుల సంఖ్యలో ఉంటారు, అడుగున వెదురు బొంగులు అడ్డంగా నిలువుగా కట్టిన పెద్ద చట్రం. చట్రం మూల ఎటు విసురుతుందో లోపలున్నవాళ్ళకే తెలియదు. అది వచ్చి గోడకి కొడితే మధ్యలో ఉన్నవాడి గతి అంతే. పైగా ఎండకి కాళ్ళు కాలకుండా, ఊపు తగ్గకుండా దారి పొడవునా వాళ్ళ మీద పైపులతో, బకెట్లతో నీళ్ళు కొడతారు. రోడ్డు జారుతుంది, కెమెరా తడుస్తుంది. కూడలికి యాభై అడుగులు ఇవతల, రోడ్డుకి ఎత్తు వైపు, వెనక్కి జరగడానికి సందో గేటో ఉన్న చోటు చూసుకోండి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. జనం పరుగందుకున్నప్పుడు హవాయి చెప్పులు కాళ్ళకి నిలవవు.

గోడలెక్కి, బాల్కనీలెక్కి చూడొద్దు. పెదండా కంటే, మోసుకెళ్తున్న అస్థికల కంటే ఎత్తున నిలబడటం అక్కడ తప్పు. డ్రోన్ సంగతి అడగనే అడగొద్దు, అదే కారణం.

వేపపుల్ల:

డ్రోన్ గురించి చిన్న సవరణ. ఊరివాళ్ళే అధికారికంగా వీడియో తీయించుకుంటూ డ్రోన్ ఎగరేయడం ఇప్పుడు మామూలే. వాళ్ళ ఊరు, వాళ్ళ అనుమతి. మనకి మాత్రం కుదరదు, కెలియన్‌ని, అంటే బన్జార్ పెద్దని, అడిగి రాతపూర్వకంగా ఒప్పించుకుంటే తప్ప. కెమెరాకి అలాంటి నిషేధం లేదు. 'బోలెహ్ ఫోతో?' అని అడిగితే తొంభై శాతం మంది నవ్వి తల ఊపుతారు. ఫ్లాష్ వద్దు, పెదండా పూజలో ఉండగా ఆయనకి ఎదురుగా కూర్చుని తీయొద్దు, చుట్టిన గుడ్డ విప్పుతున్నప్పుడు కెమెరా దించేయండి.

బట్టలు: మోకాళ్ళు, భుజాలు కప్పాలి. సెత్రా లోపలికి వెళ్తే కామెన్, అంటే లుంగీలా చుట్టుకునే గుడ్డ, నడుముకి సెలెండాంగ్ అనే నడికట్టు తప్పకుండా ఉండాలి. నలుపు గానీ ముదురు రంగు గానీ చొక్కా వేసుకోండి. ఆడవాళ్ళు చీర కట్టుకుంటే సరిపోతుందా అని అడుగుతారు చాలామంది. సరిపోతుంది, దాని మీద సెలెండాంగ్ కట్టుకుంటే చాలు. కాకపోతే ఆ నీళ్ళలో బురదలో చీరతో నడవడం కష్టం. ఈ గుడ్డలు ఉబుద్ బజార్లో దొరుకుతాయి, శ్మశానం ముందు అమ్మేవాళ్ళ దగ్గర బేరం ఆడే ఓపిక ఉంటే అక్కడా దొరుకుతాయి.

ఆడవాళ్ళు వెళ్ళొచ్చా అన్నారు. నిక్షేపంగా వెళ్ళొచ్చు. నైవేద్యాలన్నీ తలమీద పెట్టుకుని శ్మశానం దాకా నడిచేది ఆడవాళ్ళే, బూడిదలో ఎముకలు ఏరేదీ ఇంటివాళ్ళు ఆడామగా కలిసే. నెలసరిలో ఉన్నప్పుడు గుడి ప్రాంగణాల్లోకి వెళ్ళకూడదన్న నియమం మాత్రం ఉంది. సెత్రా పక్కనే ఉండే దాలెం గుడి, ప్రజాపతి గుడి విషయంలో అది గుర్తుంచుకోండి.

'మనమూ హిందువులమే' అన్న మాట అక్కడ వినేవాళ్ళకి సంతోషం కలిగిస్తుంది, ఇండియా అనగానే పలకరింపు పెరుగుతుంది. కానీ చితి దగ్గరికి వెళ్ళే వలయం మతంతో కాదు, రక్తసంబంధంతో, బన్జార్ సభ్యత్వంతో ఏర్పడుతుంది. పక్క ఊరి బాలి హిందువు కూడా ఆ వలయం బయటే నిలబడతాడు.

దారిబత్తెం:

చాలా థ్యాంక్సండీ అందరికీ. రెండు చిన్న ప్రశ్నలు. ఎద్దు బొమ్మలు ఒక్కొక్కరికీ ఒకటి ఉంటుందా, లేక ఊరంతటికీ ఒకటేనా? మంట దగ్గర అమ్మ ఎంతసేపు ఉండగలదు, ఎటువైపు నిలబడాలి? ఇంకోటి, మా హోటల్ వాళ్ళు 'రాయల్ క్రిమేషన్ కోసం ఆగండి, అదే అసలైనది' అంటున్నారు. నిజమేనా?

కొబ్బరాకు:

చివరి ప్రశ్న ముందు. రాజకుటుంబం వాళ్ళది పెద్దది, 'అసలైనది' ఏమీ కాదు. 2008 జూలై 15న ఉబుద్‌లో జరిగిన పెలెబోన్‌లో తొమ్మిది అంతస్తుల బాడె 28 మీటర్ల దాకా ఎత్తు, బరువు 11 టన్నులు. అలాంటిది మోయడానికి మనుషులు విడతలు విడతలుగా మారాలి. అదే రోజు వాళ్ళతో పాటు 68 మంది మామూలు ఊరివాళ్ళకీ దహనం జరిగింది. అంటే పెద్ద ఇంటి నీడలో సామూహిక దహనం అన్నమాట. అలాంటివి ఏళ్ళకోసారి వస్తాయి, వచ్చినప్పుడు ఉబుద్ మెయిన్ రోడ్డు మీద విదేశీయుల తలకాయలే కనబడతాయి. మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్ళేట్టయితే నా ఓటు చిన్న ఊరికే.

సామూహిక దహనాలు కొత్తవి కావు గానీ, 1979లో బేసాకిహ్ గుడిలో ఏకాదశ రుద్ర యాగం పెట్టుకున్నప్పుడు దీవిలో పూడ్చి ఉన్నవాళ్ళందరికీ ముందే దహనాలు పూర్తిచేయాలన్నారు. ఆ ఏడాది ఊరూరా జరిగాయి.

ఎద్దుల సంగతి. శవపేటికని పెతులాంగన్ అంటారు, అది ఏ జంతువన్నది వంశాన్నిబట్టి. లెంబు అంటే ఎద్దు, నల్లది ఎక్కువగా కనిపిస్తుంది, బ్రాహ్మణులకి తెల్లది. కొన్ని వంశాలకి రెక్కల సింహం, కొన్నిటికి ఏనుగు తల చేప తోక ఉన్న గజమీన. సామూహిక దహనంలో ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి: కొన్ని చోట్ల ఒక్కొక్కరికీ ఒకటి, కొన్ని చోట్ల ఒక వంశంవాళ్ళంతా కలిసి ఒకదానిలో. బాడె కూడా అంతే, ఊరంతటికీ ఒకటే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. బాడె ఉంటే అంతస్తులు లెక్కపెట్టండి, ఎప్పుడూ బేసి సంఖ్యే, పదకొండు దాకా. అడుగున తాబేలు, దాన్ని చుట్టుకుని రెండు పాములు, వెనక వైపు కోరలతో భోమ ముఖం. వెనక్కి వెళ్ళి చూడకపోతే ఆ పనితనమంతా పోయినట్టే, అందరూ ముందు నుంచే ఫొటోలు తీసుకుంటారు.

ఎద్దు దగ్గర జరిగేది నిదానంగా చూడండి. సెత్రాకి చేరాక చితి వేదిక చుట్టూ మూడుసార్లు అప్రదక్షిణం చేస్తారు, శుభకార్యాల్లో తిరిగే దిక్కుకి ఎదురు దిక్కు. ఎద్దు వీపు మీద మూతలాంటి పలక ఉంటుంది, దాన్ని కోసి తీసి, అస్థికల మూటని లోపల పెడతారు. మీద కాజంగ్ పరుస్తారు, అంటే మంత్రాక్షరాలు గీసిన తెల్లగుడ్డ. చిల్లునాణేలు గుచ్చి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ కూడా పెడతారు. తర్వాత తీర్థం. ఒక కుండ కాదు, ఎన్నో గుళ్ళ నుంచి, పెదండా దగ్గర నుంచి తెచ్చినవన్నీ ఒకటి తర్వాత ఒకటి పోసి, ఖాళీ కుండని నేలకేసి పగలగొడతారు. ఈ భాగానికే ముప్పావు గంట పట్టొచ్చు. బయటినుంచి చూస్తే ఏమీ జరగనట్టు ఉంటుంది, చాలామంది విసుగొచ్చి నీడలోకి పోతారు. తిరిగొచ్చేసరికి మంట అంటుకుని ఉంటుంది.

సైడ్‌స్టాండ్:

మంట గురించి. ఇప్పుడు కట్టెలు మాత్రమే వాడే ఊళ్ళు తక్కువ. పొడవాటి ఇనుప గొట్టాల చివర బర్నర్లు పెట్టి, గ్యాసో కిరోసినో ఒత్తిడితో కొడతారు. జెట్ ఇంజిన్‌లా చప్పుడు. పదుల సంఖ్యలో ఎద్దులు ఒకేసారి అంటుకుంటే పక్కవాడి మాట వినపడదు, చిన్నపిల్లలు జడుసుకుంటారు. ఎముకలే ఉన్నచోట గంట లోపు అయిపోతుంది. ఈ మధ్యే పోయినవాళ్ళ శరీరం ఉంటే రెండు గంటలు పట్టొచ్చు. చితికి రెండు వైపులా పచ్చి అరటిబోదెలు పేర్చడం చూస్తారు. నీరున్న బోదె అంత తొందరగా కాలదు కాబట్టి లోపలిది పక్కకి చెదిరిపోకుండా గోడలా పట్టి ఉంచుతుంది.

ఎక్కడ పాడవుతుందంటే, ఎద్దు కాళ్ళు ముందు కాలిపోయి మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. లోపలున్నది బయటికి జారడం కూడా మామూలే, కర్రలతో మళ్ళీ లోపలికి తోస్తారు. చూడలేనివాళ్ళు మొదటి పావుగంట చూసి తప్పుకోవడం మంచిది. పైన కట్టిన తెల్లగుడ్డ పందిరి కూడా కాలుతూ గాలికి ఎగిరి వస్తుంది. సింథటిక్ బట్టలు వేసుకోకండి.

ఆగస్టులో అక్కడ గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. పొగ వాయవ్యానికి పోతుంది. అంటే సెత్రాకి దక్షిణం వైపో తూర్పు వైపో నిలబడితే కళ్ళు మండవు. ఊరి చెట్లనిబట్టి, గోడలనిబట్టి గాలి తిరుగుతుంది, కాబట్టి ఊదొత్తుల పొగ ఎటు పోతోందో చూసి నిలబడండి. ముప్ఫై అడుగుల దూరంలో కూడా సెగ తగులుతుంది. పెద్ద మర్రిచెట్టో కెపుహ్ చెట్టో చాలా సెత్రాల్లో ఉంటుంది, ఊళ్ళో ముసలివాళ్ళు దాని కిందే కూర్చుంటారు. అమ్మగారిని వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. వెళ్ళేటప్పుడు 'పెర్మిసి' అని కొంచెం వంగి దాటండి, వాళ్ళే జరిగి చోటిస్తారు. మడత కుర్చీ తీసుకెళ్తే ఇంకా మంచిది. పెదండా కూర్చున్న వేదిక కంటే కుర్చీ ఎత్తుగా ఉండకుండా చూసుకోండి.

వేపపుల్ల:

మంట తర్వాత టూరిస్టులంతా వెళ్ళిపోతారు. నన్నడిగితే అప్పుడే ఉండాలి. నీళ్ళు చల్లి చల్లార్చాక ఇంటివాళ్ళు వలయంగా కూర్చుని తెల్లటి ముక్కలు ఏరుతారు. వాటిని మెత్తగా నూరి, లేత పసుపు కొబ్బరికాయలో పోసి, తెల్లగుడ్డ చుట్టి, పూలతో అలంకరిస్తారు. అంతదాకా మోగిన బలెగాంజుర్ అనే ఊరేగింపు మేళపు తాళాల హోరు ఆగిపోయి, చిన్న అంగ్‌క్లుంగ్ వాద్యాలు ఒక్కటే వినిపిస్తుంటాయి. దూరంగా కూర్చుని చూస్తే ఎవరూ ఏమీ అనరు, కానీ ఇది ఫొటోలకి కాదు.

అక్కడి నుంచి సముద్రానికి. గియాన్యార్ వైపు ఊళ్ళవాళ్ళు లెబిహ్ బీచ్‌కి, దెన్‌పసార్ వైపు వాళ్ళు చాలామంది సానూర్‌లోని మతహరి తెర్బిత్ బీచ్‌కి వెళ్తారు. సముద్రం దూరమైతే దగ్గర్లో ఉన్న నదిలో. కుటుంబాలు లారీలు, ట్రక్కులు ఎక్కి బయల్దేరతాయి. వెంటబడి పోకండి. చీకటి, ట్రాఫిక్, పైగా అది మీకు సంబంధం లేని ఘడియ. అనుకోకుండా ఆ సమయానికి బీచ్‌లో ఉంటే ఈత ఆపి పక్కకు జరగండి.

ఇంతటితో తంతు అయిపోయిందనుకోకండి. పన్నెండో రోజున ఙెరోరాసిన్ అని చేస్తారు, ఆ తర్వాతే ఆత్మని శుద్ధిచేసి పితృదేవతగా ఇంటి గుడిలో ప్రతిష్ఠిస్తారు. బ్యానర్ మీద కొబ్బరాకు గారు చెప్పిన చివరి తేదీ దీనిదే. ఇది దహనం కంటే అందంగా ఉంటుంది, పొగా ఉండదు. అక్కడికి తెలుపు, లేత రంగులు బాగుంటాయి.

ఒకటి మర్చిపోకండి. ఙాబెన్ నుంచి నేరుగా ఇంకో గుడికి ప్లాన్ పెట్టుకోవద్దు. మైలని వాళ్ళు సెబెల్ అంటారు, చుంతాకా అని కూడా అంటారు, శవకార్యం దగ్గర నుంచి వచ్చిన మనిషి గుడిలోకి పోడు. చాలామంది డ్రైవర్లు మొహమాటానికి ఏమీ అనరు, తీసుకెళ్ళి దింపేస్తారు. ఆ రోజుకి గుళ్ళు వద్దు, బసకి వచ్చి స్నానం చేసి బట్టలు మార్చుకోండి. తీర్థ ఎంపుల్ గుడి కోనేట్లో మునగాలనుకుంటే మర్నాటికి పెట్టుకోండి.

దారిబత్తెం:

అర్థమైంది. ముందు రోజు సాయంత్రం అమ్మని తీసుకుని గదుల వరస చూస్తాం, మర్నాడు ఊరేగింపుకి మేం ముగ్గురం వెళ్తాం. ఆఖరి సందేహం: ట్రున్యన్‌లో కూడా ఇలాంటిది చూపిస్తామని ఒకరు మెసేజ్ పెట్టారు, అది కూడా ఙాబెనేనా?

కొబ్బరాకు:

కాదు. ట్రున్యన్ బతూర్ సరస్సు ఒడ్డున ఉన్న బాలి అగా ఊరు, అంటే బాలి మూలవాసులది, అక్కడ దహనమే చేయరు. శవాన్ని వెదురు కంచె కింద నేల మీద వదిలేస్తారు, పక్కనున్న తరు మెన్యాన్ చెట్టు వాసన వల్ల కంపు రాదంటారు. మీరు వెళ్తే కనిపించేది పుర్రెల వరస, పడవ వాళ్ళ బేరం. సరస్సు మధ్యలో పడవ ఆపి ఇంకా డబ్బు అడగడం అక్కడ పాత జబ్బు, వెళ్ళాలనుకుంటే రానూపోనూ మొత్తం ఒడ్డునే మాట్లాడి, సగం తిరిగొచ్చాకే ఇవ్వండి. నేనైతే ఆ పూట కూడా మీ పక్క ఊరి బన్జార్‌లోనే గడపమంటాను. కొబ్బరాకు అల్లే ఆడవాళ్ళ దగ్గర కూర్చుంటే మీ అమ్మగారి చేతికీ ఒక ఆకు ఇస్తారు.